పుట్టకు గద్దె

"ఆగండి! సిమెంటు పొయ్యకండి!"

సంధ్యారాణి పరుగున వచ్చి పుట్టకు అడ్డంగా నిలబడింది. మేస్త్రీ చేతిలో తట్ట అలాగే ఆగిపోయింది. చుట్టూ ఉన్న జనం ఆమెను కొరకొరా చూశారు. సూరత్ శివార్లలో, జోల్వా మరమగ్గాల షెడ్ల వెనక మిగిలిన చిన్న టేకు తోపు అది. జనమంతా ఆ షెడ్లలో పనిచేసే తెలంగాణ కుటుంబాలవాళ్లే.

"ఏంది బిడ్డా, గిట్ల అడ్డమొస్తున్నవ్?" గద్దె పని దగ్గరుండి చూసుకుంటున్న లక్ష్మీరాజం అడిగాడు.

సంధ్యారాణి కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. పుట్టి పెరిగింది సూరత్‌లోనే, తెలంగాణవాళ్లు ఎక్కువగా ఉండే డిండోలిలో. వీళ్ల భాష ఆమెకు కొత్త కాదు.

"కాకా, ఈ పుట్ట మీద లేచే గొడుగులు ఈ చుట్టుపక్కల ఇంకేడ లెవ్వు. లోపల చెదలు బతికుంటెనే అవి లేస్తయ్. మీద గద్దె కడితే చెదలు ఊపిరాడక చస్తయ్. జాతే పోతది!"

రాత్రి వానకు పుట్ట మొదట్లో ఆ గొడుగుల నీలిరంగు మొగ్గలు అప్పుడే తలెత్తుతున్నాయి. వాటిని చూస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

జనంలోంచి కొమురవ్వ పాలగిన్నెతో ముందుకొచ్చింది. "గొడుగుల కోసం నాగమ్మకు గద్దె వద్దంటవా? చెట్లు కూల్చనీకి జేసీబీ వచ్చిననాడు ఏమైంది? తెల్లారేసరికి పుట్ట మీద పసుపు కుంకుమ వెలిసింది. డ్రైవర్ చెప్పులిడిచి, దండం పెట్టి ఎల్లిపోయిండు. ఆ తల్లి లేకుంటే నీ గొడుగులు ఏడుంటుండె?"

సంధ్యారాణి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"సేటుకు నాగదేవతంటే హడల్, మేడమ్," స్థలం యజమాని దగ్గర మేనేజరుగా ఉన్న శ్యాంసుందర్ నవ్వాడు. "లేకుంటే ఈపాటికి ఇక్కడ కొత్త షెడ్డు లేచేది. గద్దెకు వేసే ఈ టైల్స్ కూడా ఆయన పంపినవే."

"కాకా, దూరంగ కంచె కడదాం. పుట్టను ఇట్లనే ఉంచి మొక్కుకుందాం. జర నా మాటినండి."

"తనంతల తాను వెలిసిన తల్లిని ఎండకు, వానకు ఇడిశిపెడ్తమా, బిడ్డా? మా పిల్లజెల్లకు మంచిదా?"

లక్ష్మీరాజం గొంతులో కోపం లేదు, భక్తి ఉంది. దానితో ఎలా పోట్లాడాలో ఆమెకు తెలియలేదు. ఏదో చెప్పబోయింది. శ్యాంసుందర్ వంక చూసి ఆగిపోయింది.

"మేడమ్, సైడ్ హో జావో," అన్నాడు మేస్త్రీ.

ఆమె పక్కకు జరిగింది. తట్ట వెనక తట్ట పడింది. నీలి మొగ్గల మీదుగా సిమెంటు జారి పరుచుకుంది. జనం "నాగమ్మ తల్లికీ జై!" అన్నారు.

"మొక్కు బిడ్డా," అని కొమురవ్వ ఆమె భుజం తట్టింది.

జేసీబీని ఆపడానికి ఆనాడు ఎవరూ చూడకుండా పుట్టకు పసుపు పూసి వెళ్లిన సంధ్యారాణి, అవే చేతులు జోడించింది.