లోహిత లెక్కల పుస్తకం

"ఆ పుస్తకం నీకెక్కడిది?" అంది సంయుక్త.

పదేళ్ల ధాత్రి బెదిరిపోయి తలెత్తింది. "బీరువా వెనక దొరికింది ఆంటీ. లెక్కలు చేస్తున్న."

ఖాజాగూడలోని సంయుక్త ఫ్లాటులో ఐదుగురు పిల్లలు బడికి వెళ్లకుండా తమకు నచ్చింది చదువుకుంటారు. ఒకడికి మట్టిబొమ్మలు, ఇంకొకడికి పిట్టలు. లెక్కల పుస్తకాలు మాత్రం సంయుక్త గడప తొక్కనివ్వలేదు. మూడేళ్ల కిందట కాలేజీ హాస్టల్లో ర్యాంకు పడిపోయిన రోజే ఆమె కూతురు లోహిత ప్రాణం తీసుకుంది. ఆ తరవాతే సంయుక్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఈ పిల్లల్ని చేరదీసింది.

"ఇలా ఇచ్చెయ్యమ్మా. లెక్కలొద్దు."

"ఏది ఇష్టమైతే అదే నేర్చుకోమని మీరే చెప్పిన్రు కద?"

సంయుక్త పుస్తకం కోసం చెయ్యి చాచింది.

"ఇందుల రాసిన అక్కకి గూడ లెక్కలంటే మస్తు ఇష్టం ఆంటీ. చూడుండ్రి."

ధాత్రి చూపించిన పేజీ అంచున లోహిత చేతిరాత ఉంది. 'అబ్బ, ఎంత బావుందో ఈ లెక్క! రాత్రి నిద్ర పట్టలేదు.' కింద తేదీ వేసుకుంది.

కూతురి మార్కులు తప్ప పుస్తకాలు ఏనాడూ తెరిచి చూడని సంయుక్త, ఆ తేదీని రెండుసార్లు చదివింది. "నేను ఇంట్లోనే ఉండి చదువుకుంటానమ్మా" అని లోహిత బతిమాలిన వేసవి అది. వినకుండా హాస్టల్లో దింపి వచ్చింది తనే.

ఆమె మెల్లగా ధాత్రి పక్కన నేల మీద కూర్చుంది.

"నాకూ నేర్పుతావా?" అంది.