కిటికీ పగలగొట్టినవాడు

కిటికీ అద్దం భళ్లుమని పగిలింది.

మధ్యాహ్నం భోంచేసి, ఏసీ వేసుకుని పడుకున్న వీరభద్రరావు ఉలిక్కిపడి లేచాడు. తల దిమ్ముగా ఉంది. ఏసీ ఆగిపోయింది. పక్కన భార్య సౌజన్య, కూతురు కీర్తిప్రియ ఇంకా నిద్రలోనే ఉన్నారు.

తూలుకుంటూ బయటికొచ్చాడు.

వాకిట్లో ఎవరో ముసలాయన. చేతిలో రాయి.

"జనరేటరు నేనే ఆపానండీ. తలుపు కొట్టాను, ఎవరూ లేవలేదు. కిటికీలోంచి చూశాను. ముందు పాపని బయటికి తీసుకురండి."

వీరభద్రరావుకి ఒళ్లు మండిపోయింది. చేతిలో రాయి పెట్టుకుని తన కూతుర్ని బయటికి తెమ్మంటాడా?

చాచి లెంపకాయ కొట్టాడు.

షెడ్డులో మామిడికాయలు పెట్టెలకెత్తుతున్న కూలీలు పరిగెత్తుకొచ్చారు.

"పొద్దుటినుంచీ తోటల్లో తిరుగుతున్నాడండీ. మీ ఇల్లెక్కడని అడుగుతున్నాడు" అన్నాడొకడు.

ఇంకేం కావాలి? తలా ఒక దెబ్బ వేసి, ఎండలో గేటు స్తంభానికి కట్టేశారు.

"పొగండీ బాబూ... పొగ..." ముసలాయన అరుస్తూనే ఉన్నాడు.

ఆ అరుపుకి తల పగిలిపోతున్నట్టుంది. వీరభద్రరావే తన భుజం మీది తువ్వాలు తీసి అతని నోట్లో కుక్కాడు.

లోపలికెళ్లి సౌజన్యని పిలిచాడు. పలకలేదు. పాపని ఎత్తుకుంటే మెడ వాలిపోయింది.

కారు నూజివీడు ఆసుపత్రి దాకా ఎక్కడా ఆగలేదు.

"మాకు ఏసీ పడలేదండీ డాక్టరు గారూ. నాలుగు రోజులుగా మా ఆవిడ తలనొప్పి అంటూనే ఉంది. నేనే నవ్వేశాను."

"కరెంటు పోతే జనరేటరు వేస్తారా?"

"ఈమధ్యే కొన్నామండీ, సెకండ్ హ్యాండ్‌ది. దొంగల భయానికి పడకగది వెనక వరండాలో పెట్టాం."

డాక్టరు తలెత్తి చూసింది.

"ఏసీ ఏం చేసింది పాపం? అన్నీ మూసుకున్న గదిలోకి జనరేటరు పొగ చేరింది. ఇంకాసేపుంటే ముగ్గురూ దక్కేవారు కాదు. ఇంతకీ మిమ్మల్ని ఎవరు లేపారు?"

వీరభద్రరావు వెనక్కి తిరిగాడు. కూలీలంతా ఆటోలో వెంట వచ్చేసి వరండాలో నిలబడి ఉన్నారు.

"అతని దగ్గర ఎవరున్నార్రా?"

జవాబు కోసం ఆగకుండా కారు దగ్గరికి పరిగెత్తాడు.

ఇంటికొచ్చేసరికి ముసలాయన తల గుండెల మీదికి వాలిపోయి ఉంది. వీరభద్రరావు అతని నోట్లోని తువ్వాలు లాగాడు. ఊపిరి లేదు. పాదాలు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సాయంత్రం పోలీసులతో పాటు జనరేటరు కొనిపెట్టిన బ్రోకరు కృష్ణకాంత్ కూడా వచ్చాడు. శవాన్ని చూసి అక్కడే కూలబడ్డాడు.

"ఈయన చాట్రాయి ఊరి మార్టిన్ గారండీ. పొద్దున మీ ఇల్లెక్కడో చెప్పి పంపింది నేనే. ఆ జనరేటరు పొగకే పోయినేడు ఏసీ గదిలో ఇద్దరు మనవళ్లూ నిద్రలోనే పోయారు, కొడుకు దాన్ని చెప్పకుండా అమ్మేశాడని నిన్ననే తెలిసి, కొన్నవాళ్ల పిల్లల్నయినా కాపాడుకోవాలని బయల్దేరాడు."