కుడి మలుపు

ఫల్గుణ పిడికిలి సర్వేశ్వరరావు మూతి మీద పడింది. వెంటనే సర్వేశ్వరరావు మోచెయ్యి ఫల్గుణ పెదవి చీల్చేసింది. డొంకరాయి రిజర్వాయర్ ఒడ్డున, ఇంకాసేపట్లో రిమోట్‌తో నడిపే చిన్న పడవల పందెం మొదలు కావాల్సిన చోట, ఇద్దరూ బురదలో పడి దొర్లారు.

"మా తమ్ముడి వేళ్లు తెగ్గోసి, ఇంకా ఎగతాళి సేత్తన్నావేటి? పీక నులిమీగల్ను!" అని అరిచాడు ఫల్గుణ.

"రిమోట్ జారిందని అప్పుడే చెప్పాను కదరా! చెయ్యి అడ్డం పెట్టినోడిదే తప్పు. కుడేదో ఎడమేదో తెలీని కొండోళ్లకి పందేలెందుకు?"

చుట్టూ ఉన్న పడవల క్లబ్బు వాళ్లు గొల్లున నవ్వారు.

గాసి పరిగెత్తుకొచ్చి అన్నను వెనక నుంచి పట్టుకుని లాగాడు. అతని కుడిచేతికి బొటనవేలూ చూపుడువేలే మిగిలాయి. పోయిన పందెంలో సర్వేశ్వరరావు పడవను నీళ్లలోకి దింపడానికి గాసి పట్టుకుని ఉండగానే, ఆయనగారు సరదాకి రిమోట్ నొక్కాడు. పడవను నీళ్లలో తోసే, కత్తిలా సానపట్టిన ఫ్యాను మిగతా వేళ్లు తినేసింది. అప్పుడూ ఆయన నవ్వాడు. ఆ నవ్వే ఫల్గుణ కడుపులో ఇంకా మండుతోంది.

"ఒగ్గీ అన్నా. పందెంలో సూసుకుందుం," అన్నాడు గాసి.

"పందెంలోనే సూసుకుంతాను," అన్నాడు ఫల్గుణ, నోట్లో రక్తం ఉమ్మేస్తూ.

ఎలా చూసుకుంటాడో గాసికి కూడా చెప్పలేదు.

పడవ ఫల్గుణ సొంత తయారీ. కాఫీతోటలో గడ్డి కోసే మిషన్ విప్పి, ఆ పెట్రోలు ఇంజన్ దీనికి బిగించాడు. పొగగొట్టం మార్చాడు. ముక్కుకి ఇనపపట్టీ వేశాడు. ఈ రకం పడవలు నీళ్లకు తగిలీ తగలనట్టు పైపైనే దూసుకుపోతాయి. మలుపులో అదుపు తప్పకుండా నీళ్లను పట్టుకోవడానికి పక్కన ఒక రేకు ఉంటుంది, ఫిన్ అంటారు. పందెంలో అన్నీ కుడి మలుపులే కనక అందరి పడవలకీ అది కుడిపక్కనే ఉంటుంది. వేగం మీద రెండోవైపు తిప్పితే, పడవ ఎదురుతిరిగి రేకున్న వైపుకే లాగేస్తుంది. ఫల్గుణ మాత్రం పొద్దున్నే ఎవరూ చూడకుండా దాన్ని ఎడమపక్కకు మార్చాడు.

సర్వేశ్వరరావుకి నడుంలోతు నీళ్లలో నిలబడి పడవ నడిపే అలవాటు. ఈ రోజు ఆయన చోటు ఫల్గుణకు ఎడమవైపు. సూటిగా వెళ్లిన పడవ ఎడమకు గిర్రున తిరిగొస్తే చాలు, ఆ ఇనపముక్కు ఆయన కడుపులో దిగుతుంది. రిమోట్ జారిందని తనూ చెప్పొచ్చు. ఆ తర్వాత నవ్వేవాడెవడో చూద్దాం.

"మొకం కడుక్కుని రా అన్నా, రగతం కారతంది. పడవ నేను సూత్తాను," అన్నాడు గాసి.

ఫల్గుణ జీపు దగ్గరకెళ్లి సీసాలో నీళ్లతో నోరు పుక్కిలించాడు. తిరిగొచ్చేసరికి గాసి పడవను నీళ్లలో దింపి పట్టుకుని ఉన్నాడు.

"మరలన్నీ ఓపాలి బిగించినాను. ఇంక బయముండదు."

"సరే. వదిలాక నా కుడిపక్కనే ఉండు. ఎడంపక్కకెళ్లకు, తెలిసిందా?"

"అలగేలే."

విజిల్ మోగింది. ఇంజన్లు ఒక్కసారిగా గీపెట్టాయి. గాసి పడవ వదిలి, అన్న చెప్పినట్టే కుడివైపుకు జరిగి నీళ్లలో నిలబడ్డాడు. ఫల్గుణ పందెం గుర్తుల వంక కూడా చూడలేదు. సర్వేశ్వరరావు కడుపు వంకే చూస్తూ, పడవ దూరం వెళ్లేదాకా ఆగి, పూర్తి వేగం మీద ఎడమకు తిప్పాడు.

పడవ ఎడమకు తిరగబోయి కుడికి ఒరిగింది. కుడిపక్క నీళ్లలో దిగబడింది. పట్టుకుని లాగినట్టు గిర్రున అటే తిరిగి ఒడ్డు వైపు దూసుకొచ్చింది.

"గాసీ! తప్పుకో!"

చేతిలో రిమోట్ నొక్కడం మానేసినా ఆ వేగం ఆగేది కాదు. దెబ్బ చప్పుడు మెత్తగా వినిపించింది. గాసి ముందుకు వంగి, అలాగే నీళ్లలో కూలిపోయాడు. అతని చుట్టూ నీళ్లు ఎర్రబడ్డాయి.

అందరికంటే ముందు నీళ్లు తోసుకుంటూ వచ్చింది సర్వేశ్వరరావే. గాసిని రెండు చేతులతో ఎత్తుకొచ్చి ఒడ్డున పడుకోబెట్టి, తన చొక్కా విప్పి పొట్టకు అదిమిపట్టాడు. "జీపు తియ్యండ్రా, బేగి! కుర్రాడు పోతాడు!" అని ఏడుస్తున్నట్టే అరిచాడు.

ఫల్గుణ మోకాళ్ల మీద కూలబడి తమ్ముడి తల ఒళ్లోకి తీసుకున్నాడు. గాసి కళ్లు తెరిచి, మిగిలిన రెండువేళ్లతో అన్న చొక్కా పట్టుకుని చెవి దగ్గరకు లాక్కున్నాడు.

"అన్నా... మర్సిపోయి పిన్ను రేకు ఎడంపక్క బిగించీసినావు. ఈళ్లు సూస్తే మల్లీ నవ్వుతారని, నువ్వు మొకం కడుక్కోడానికెల్లినప్పుడు నేనే కుడికి మార్సీసినాను... ఎవురికీ సెప్పన్లే."