తాగి నడిపినవాళ్ళ క్లాసు

"ఇంటికెళ్తే ఆవిడ తలుపు తీయదు. పిల్లలు మొహం చూడరు. మిగిలేది కుక్క ఒక్కటే, అది కూడా ఆ వాసనకి దూరం జరుగుతుంది." బోర్డు ముందు నిలబడ్డ తెల్లచొక్కా ఆయన గొంతు వణికింది.

చివరి బెంచీలో స్కూలు వ్యాను డ్రైవరు చెవులు రిక్కించి వింటున్నాడు. తాగి స్కూటరు నడుపుతూ దొరికినందుకు కోర్టు జరిమానా వేసి, లైసెన్సు లాక్కుని, ఈ క్లాసుకు తోలింది. పాఠమంతా విని కాగితం మీద సంతకం పెట్టించుకుంటేనే లైసెన్సు తిరిగిస్తారు. లేకపోతే సోమవారం నుంచి వ్యాను ఇంకొకడికి.

"ఎంత బాగా చెప్తున్నాడండీ, తనే అనుభవించినట్టు," అన్నాడు పక్కనున్న బట్టతల పెద్దాయనతో.

"మనసుపెట్టి చెప్తున్నాడు," అన్నాడు పెద్దాయన.

"మీరు మొదటిసారా బాబాయ్?"

"కాదు. ప్రతి శనివారం వస్తాను."

"ప్రతి శనివారమా? ఓరి నాయనో. మీ ముందు నేను పిల్లకాకిని." తనకంటే ఘనుడు దొరికేసరికి డ్రైవరుకు కొండంత ధైర్యం వచ్చింది. కాస్త దగ్గరికి జరిగాడు. "మీకు తెలిసే ఉంటుంది. పోలీసులు ఊదమన్నప్పుడు గాలి లోపలికి పీల్చాలి. రెండుమూడుసార్లు అలాగే బయటపడ్డాను."

"నాకు తెలియదు బాబూ. ఇంకా?"

"నోటినిండా లవంగాలు. ఈసారి దగ్గొచ్చి కొంప మునిగింది గానీ."

"మరి ఇకనైనా మానేస్తావా?"

"ముందు లైసెన్సు చేతికి రానివ్వండి బాబాయ్, చూద్దాం."

సుద్దముక్క వచ్చి డ్రైవరు నుదుటికి తగిలింది.

"ఏంటా గుసగుసలు? నిన్ను బాగుచేయాలంటే బ్రహ్మదేవుడు దిగిరావాలి," అన్నాడు తెల్లచొక్కా ఆయన.

డ్రైవరు హడలిపోయాడు. ఇక క్లాసు అయ్యేదాకా నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు కూర్చున్నాడు. అవగానే పరిగెత్తి బోర్డు తుడిచాడు, మంచినీళ్ళు తెచ్చాడు, కాగితం పట్టుకుని వంగి నిలబడ్డాడు.

"మీ మాటలు గుండెకు తగిలాయి సార్. అమ్మతోడు, ఈ జన్మలో చుక్క ముట్టను. సంతకం పెట్టండి సార్, ఇంటిల్లిపాదీ ఆ వ్యాను మీదే బతుకుతున్నాం."

తెల్లచొక్కా ఆయన నీళ్ళు తాగి, నిట్టూర్చాడు.

"నేను పెడితే చెల్లదయ్యా. ఇలా పాఠం చెప్పడం కోర్టు నాకు వేసిన శిక్ష. మనిద్దరికీ సంతకం పెట్టేది ఇందాక నీ పక్కన కూర్చున్న సారే."