బెల్టు మార్చేటప్పుడు

లారీ షెడ్డులో పాతికేళ్లుగా ఓబులేష్ తప్పని నియమం ఒకటే. ఇంజన్లో చేతులున్నంతసేపూ బండి తాళం తన కళ్లముందు ఉండాలి.

ఈరోజు ఇంటిముందు నిలబడింది లారీ కాదు, బామ్మర్ది భూపేష్ కొత్త కారు. మొగుడి దెబ్బలు ఓర్చుకోలేక పుట్టింటికి పోయిన శివలీలను, పెద్దమనుషులు సర్దిచెబితే, నిన్న రాయచోటి నుంచి అందులోనే తెచ్చి దింపాడు. దారిపొడుగునా ఫ్యాన్ బెల్టు కీచుమంటూనే ఉందట. తాళం అక్క చేతిలో పెట్టి, బావ ముఖమైనా చూడకుండా బస్సెక్కాడు.

"కారు నాకొక లెక్కా?" అన్నాడు ఓబులేష్.

పాత బెల్టు తీసిచూస్తే నెర్రెలిచ్చిన చేనులా ఉంది.

"సీట్లో కూచో. తాళం అద్దం ముందర పెట్టు, నాకు కనపడాల. నేను చెప్పేదాకా ముట్టుకున్నావో, రాత్రి తిన్నది చాలదా?"

శివలీల చెంప ఇంకా కమిలే ఉంది. తాళం లోపల అద్దం ముందర పెట్టి కూర్చుంది.

ఇంజన్లను పసిబిడ్డల్లా తడిమే చెయ్యి ఓబులేష్‌ది. పెళ్లాం మీదికి లేచినప్పుడే దానికి ఒళ్లు తెలియదు.

పైకెత్తిన బానెట్ కింది సందులోంచి చూశాడు. తాళం అద్దం ముందరే ఉంది. శివలీల చూపు మాత్రం అతని కుడిచేతి మీద ఉంది.

"ఏం చూస్తాండావు?"

"ఆ చేతినే."

మిట్టమధ్యాహ్నం ఎండలో అతనికి ఒళ్లు జలదరించింది. పెళ్లాన్ని చూసి భయమేంటని తనకే సిగ్గేసింది.

బెల్టును బిగించే చక్రాన్ని ఎడంచేత్తో, పానాతో వెనక్కి లాగిపట్టాడు. కుడిచెయ్యి మోచేతిదాకా లోపలికి పోయింది. కొత్త బెల్టుకూ చక్రానికీ నడుమ వేళ్లు ఇరుక్కున్నాయి. ఇప్పుడు ఇంజను తిరిగిందా, అంతే సంగతులు. షెడ్డులో కంబన్న మూడువేళ్లు అట్లానే పోయాయి.

"అయిందా?" అంది శివలీల.

"యాడయింది? చెయ్యి లోపలే ఉండాది. తాళం ముట్టుకోవాకు!"

"ముట్టుకోనులే."

ఆమె ఏదో పెడలు తొక్కిన చప్పుడు వినిపించింది. ఓబులేష్ గబుక్కున సందులోంచి చూశాడు. తాళం పెట్టినచోటే ఉంది. హమ్మయ్య అనుకుని వేళ్లు ఇంకాస్త లోపలికి దూర్చాడు.

ఆ కారుకు తాళం పెట్టే రంధ్రమే లేదని, తాళం కారులో ఎక్కడున్నా బ్రేకు తొక్కి బటన్ నొక్కితే చాలు ఇంజను తిరుగుతుందని, ఆ ఇంట్లో తెలిసింది శివలీల ఒక్కదానికే.