వేలాడి చూసిన తాడు

రెంటచింతల సమాధుల తోటలో చిన్నపరెడ్డి తాడును వేపకొమ్మ మీదుగా వేసి, రెండు చేతులా పట్టుకుని, కాళ్లు ముడుచుకుని వేలాడాడు. పక్కనే కొడుకు జోజి శవపేటిక ఉంది. రేవులో ఓడ క్రేన్ ఇనపతాడు తెగి, సరుకు మీద పడడంతో, అక్కడ పనిచేసే జోజి చనిపోయాడు.

ఆ క్రేన్‌ను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చిన యోగేశ్ గోతి దగ్గర నిలబడి ఉన్నాడు.

"కొత్త తాడే కదా పెద్దాయనా. ఈ ఎండలో ఎందుకు?" అన్నాడు.

"కొత్తదైతే ఏంది సారూ? పెట్టె దింపే తాడుని ఇంట్లోవాళ్లు ఏలాడి చూడాల్సిందే. మధ్యలో తెగితే పిల్లోడికి దెబ్బ తగలదూ?"

చిన్నపరెడ్డి రెండో తాడు కూడా కొమ్మ మీదుగా వేశాడు.

"మీరూ ఇట్టాగే బరువు కట్టి చూస్తారంట గదా. ఆ సారు సంతకం పెట్టాడంటే కింద నిలబడ్డానికి భయం లేదు నాన్నా అనేవోడు మా జోజి."

యోగేశ్ తల దించుకున్నాడు. ఓడ త్వరగా బయల్దేరాలని పైవాళ్లు తొందరపెడితే, ఆ రోజు అతను బరువు కట్టకుండానే, ఏసీ గదిలో టీ తాగుతూ సంతకం పెట్టాడు.

చిన్నపరెడ్డి రెండో తాడు కొస తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"దీన్ని మీరు చూడండి సారూ. మీరు బాగుందంటేనే దింపుతాం."