పువ్వు పక్కన నెలవంక

"ఈ నెలవంక ఎవడిది?"

టైలర్ నాగూర్ పుస్తకాన్ని భార్య మొహం ముందు ఆడించాడు. తిరువూరు బస్టాండు దగ్గర చాంద్‌బాషా షాపులో సుగ్రాబీ అద్దెకు తెచ్చుకున్న బొమ్మల నవల అది. ఏట్లో పడవ నడిపేవాడి కథ. చివరి పేజీ అంచున పెన్సిలుతో ఒక చిన్న పువ్వు, దాని పక్కన నెలవంక. మళ్ళీ పువ్వు, మళ్ళీ నెలవంక. అలా కిందిదాకా వరసగా ఉన్నాయి.

"పువ్వు నాదండీ. చదివేశానని గుర్తు. చదివిందే మళ్ళీ తెచ్చుకోకుండా అద్దె పుస్తకాల మీద అందరూ ఏదో ఒకటి పెట్టుకుంటారు," అంది సుగ్రాబీ.

"మరి చదివిందే ఇన్నిసార్లు ఎందుకు తెచ్చావు?"

"బాగుంటుందని."

"బాగుంటుందట! అయిపోయిన కథ మళ్ళీ ఎవరు చదువుతారే? నువ్వు పువ్వు పెట్టడం, వెంటనే వాడెవడో నెలవంక పెట్టడం. నాకు కళ్ళు లేవనుకున్నావా?"

"అల్లా మీద ఒట్టు. ఆ నెలవంక ఎవరిదో నాకు తెలీదు," అని సుగ్రాబీ ఏడుపు అందుకుంది.

నాగూర్ తల్లి దౌలత్‌బీ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. కాపురం చేసుకునే ఆడదానికి బొమ్మల పుస్తకాలేంటి? ఏమన్నా పసిపిల్లా?" అని కోడలికి చీవాట్లు వడ్డించడం మొదలుపెట్టింది. కొడుకు ఆ గుర్తులు చూపించేసరికి మాత్రం కాస్త తగ్గింది. "సర్లేరా, పొద్దున్నే గొడవెందుకు? అన్నం చల్లారిపోతోంది, తిను," అంది.

అనుమానం పట్టినవాడికి ఆకలేం తెలుస్తుంది? నాగూర్ పుస్తకం చంకన పెట్టుకుని లేచాడు. "ఇవాళ నువ్వు గడప దాటావో, మీ ఊరు వినగడపే! మీ నాన్న దగ్గర దిగబెట్టి వచ్చేస్తాను. మళ్ళీ తీసుకురాను," అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషని సుగ్రాబీకి తెలుసు. గుడ్లనీరు కుక్కుకుంటూ అక్కడే కూలబడింది.

షాపులో చాంద్‌బాషా ఆ గుర్తులు చూసి చూపు పక్కకు తిప్పుకున్నాడు. నాగూర్‌కి అది చాలు.

"నీకు తెలుసు. చెప్పు."

"ఎవరి గుర్తు ఏదో నేను చెప్పకూడదు భాయ్. ఊళ్ళో సగంమంది ఇంట్లోవాళ్ళకి తెలీకుండా చదివేవాళ్ళే. ఒక్కళ్ళ సంగతి బయటపెట్టానంటే రేపట్నుంచి షాపు మూసుకోవాలి."

"పోనీ ఇది చెప్పు. ఏ మతలబూ లేకుండా ఒకే పుస్తకాన్ని మళ్ళీ మళ్ళీ ఎవరన్నా తీసుకెళ్తారా?"

"డిటెక్టివ్ నవలైతే తీసుకెళ్ళరు. హంతకుడెవరో తెలిశాక ఇంకేముంది? ఇది అలాంటిది కాదు. పెద్ద చదువులవాళ్ళు క్లాసిక్ అంటారే, అదీ."

"బొమ్మల పుస్తకం క్లాసిక్కా? ఎవరికి చెబుతావు కబుర్లు!"

"బొమ్మలైతే ఏంటి భాయ్, అక్షరాలైతే ఏంటి? రుచి తెలిశాక కూడా మళ్ళీ వడ్డించమన్నారంటే క్లాసిక్కే."

దొంగకి తాళం చెవులిచ్చినవాడు ఇలాగే మాట్లాడతాడనుకున్నాడు నాగూర్. పుస్తకాన్ని బల్ల మీద పెట్టించి, బీరువా వెనక స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు. ఆ నెలవంకగాడు రాకుండా ఎక్కడికి పోతాడు?

మధ్యాహ్నం కాంపౌండర్ జోజప్ప వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన క్రాపు. వస్తూనే ఆ పుస్తకమే చేతిలోకి తీసుకున్నాడు. నాగూర్ ఒక్క గెంతులో వెళ్ళి అతని చొక్కా పట్టుకున్నాడు.

"దొరికావు! నెలవంక నీదేగా?"

"నాదెందుకవుతుందండీ? నేను సిలువ పెడతాను. ఇదిగో," అని జోజప్ప మొదటి పేజీ తిప్పి చూపించాడు. అక్కడ సిలువలు కూడా ఒకటి కాదు, బోలెడున్నాయి. "చొక్కా వదలండి, గుండీ ఊడిపోతుంది," అన్నాడు.

జోజప్ప విసుక్కుంటూ వెళ్ళిపోయాక, నాగూర్ పుస్తకం తీసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. లోపల ఇంకెక్కడైనా రహస్యం దాచారేమోనని ఒక్కో పేజీ తిరగేశాడు. ఒకచోట చెయ్యి ఆగింది. ఏటి నిండా వరద. మనిషి లేని పడవ ఒక్కటీ ఒడ్డుకి తిరిగొస్తోంది. ఒడ్డున తల్లి నిలబడి ఉంది. ఆ పేజీలో ఒక్క అక్షరం లేదు. నాగూర్ కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళి అక్కడిదాకా చదువుకుంటూ వచ్చాడు. మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు. అంతలోనే తన మీద తనకే కోపమొచ్చింది. ఇలాంటి బొమ్మలు చూపించే కదా ఆ నెలవంకగాడు ఆడదాని మనసు కరిగించేది! పుస్తకాన్ని తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి, మళ్ళీ బీరువా వెనక నక్కాడు.

పొద్దు వాలుతుండగా ఒక బురఖా గబగబా షాపులోకి వచ్చింది. అది ఎవరి బురఖానో నాగూర్‌కి వేరే చెప్పక్కర్లేదు. పోయిన రంజాన్‌కి సుగ్రాబీ కోసం తన చేత్తో కుట్టిందే. గడప దాటొద్దన్నా దాటింది! నాగూర్ లోపల ఎక్కడో కాదేమో, కాదేమో అనుకుంటూనే ఉన్నాడు ఇంతసేపూ.

ఆ మనిషి చాంద్‌బాషాని పలకరించలేదు. బల్ల మీది పుస్తకం తీసి, చివరి పేజీ తెరిచి, రబ్బరు ముక్కతో నెలవంకల్ని ఒక్కొక్కటే చెరపసాగింది. పువ్వుల జోలికి పోలేదు.

నాగూర్ ఇక ఆగలేకపోయాడు. వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. "ఎవడి గుర్తే చెరిపేస్తున్నావు సుగ్రా? పద! ఇటునుంచి ఇటే వినగడప!"

బురఖా ముసుగు పైకి లేచింది. లోపల తల్లి దౌలత్‌బీ!

"నెమ్మదిగా మాట్లాడరా నాయనా! ఈ వయసులో నేను బొమ్మల పుస్తకాలు చదువుతున్నానని కోడలికి తెలిస్తే, రేపట్నుంచి దాన్ని ఏ మొహం పెట్టుకుని తిట్టను?"